రంగులు కలిసిపోయే కళ్ళు – రంగుల కళ్ళద్దాలు

కంటిచూపు బాగుందా అని ఎవరైనా అడిగితే, గోడమీద అక్షరాల పట్టీ చదవగలమా లేదా అనే మనం ఆలోచిస్తాం. పెద్ద అక్షరం నుంచి చిన్న అక్షరం దాకా గడగడా చదివేస్తే చూపుకి ఢోకా లేదనుకుంటాం. కాని ఆ పట్టీ మీద అక్షరాలన్నీ నలుపు, వెనకాల అంతా తెలుపు. చివరి వరుస వరకు తప్పు లేకుండా చదివిన మనిషికి పండు మిరపకాయకీ, పచ్చి మిరపకాయకీ తేడా తెలియకపోవచ్చు. ఆ సంగతి ఆ పట్టీ ఎన్నటికీ చెప్పదు.

మనలాంటి హాస్టళ్ళలో చదివిన పిల్లలు చాలామంది పోలీసు, రైల్వే, సైన్యం ఉద్యోగాల కోసం కష్టపడుతుంటారు. వారిలో కొందరు రాతపరీక్ష గట్టెక్కి, పరుగులో నెగ్గి, చిట్టచివర మెడికల్ టెస్ట్ రోజున ‘నీకు వర్ణాంధత్వం ఉంది’ అన్న మాట మొట్టమొదటిసారి వింటారు. పుట్టినప్పటి నుంచి ఉన్న లక్షణం ఇరవై రెండేళ్ళకి తెలియడం ఎంత అన్యాయమో ఆలోచించండి! అందుకే ఈ సంచికలో ఈ విషయం రాయాలని మేము అనుకున్నాం. దీనితో పాటు, ఈమధ్య ఫోన్లలో అందరూ చూస్తున్న ‘రంగులు చూపించే కళ్ళద్దాల’ సంగతి కూడా వివరిస్తాం. ఎందుకంటే ఆ అద్దాలు కొనాలా వద్దా అన్న ప్రశ్న మా ఇంటిలోకే వచ్చింది.

రంగు ఎలా కనబడుతుంది?

మన కంటి వెనుకభాగంలో నేత్రపటలం అనే పొర ఉంటుంది. దాని మీద వెలుతురుని గ్రహించే కణాలు రెండు రకాలు. ఒకటి దండకణాలు, ఇవి ఒక్కొక్క కంటిలో సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో పనిచేసేవి ఇవే, అయితే వీటికి రంగు తెలియదు. రెండవవి శంకుకణాలు, ఇవి సుమారు 60 లక్షలు. రంగు తెలిపేవి ఇవి.

శంకుకణాల్లో మళ్ళీ మూడు రకాలున్నాయి. ఒక రకం సుమారు 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలి వెలుతురుకి ఎక్కువగా స్పందిస్తుంది. రెండో రకం సుమారు 530 దగ్గర, మూడో రకం సుమారు 560 దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. వాడుకలో వీటిని నీలం, ఆకుపచ్చ, ఎరుపు శంకువులంటారు. ఏ రకం ఎంత స్పందించిందో మెదడు పోల్చి చూసుకుని, ఇది ఎరుపు, ఇది పసుపు అని తేల్చుకుంటుంది. రంగు అనేది ఈ పోలికలోనే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాం. మన ఊళ్ళో డప్పులు వాయించేవారు మంట దగ్గర వేడి చేసి శ్రుతి చూసుకోవడం మీరందరూ చూసి ఉంటారు. మూడు డప్పులకు మూడు శ్రుతులుంటే, కళ్ళు మూసుకున్నా ఏది మోగిందో చెప్పగలం. రెండు డప్పులు దాదాపు ఒకే శ్రుతికి వచ్చేస్తే చెప్పడం కష్టం. ఒక డప్పే లేకపోతే అసలు చెప్పలేం. వర్ణాంధత్వం కూడా ఇంతే. కొందరిలో రెండు రకాల శంకువుల శ్రుతి దగ్గరగా వచ్చేస్తుంది. వారికి రంగుల తేడా బలహీనంగా తెలుస్తుంది. మరికొందరిలో ఒక రకం అసలు ఉండదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, కళ్ళద్దాల దగ్గరకు వచ్చినప్పుడు ఇదే ముఖ్యం.

పేరులో ‘అంధత్వం’ ఉన్నంత మాత్రాన వీరికి లోకమంతా నలుపు తెలుపుల్లో కనబడుతుందనుకోవడం పొరపాటు. అలా ఏ రంగూ తెలియనివారు చాలా అరుదు. ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు, కాషాయం మధ్యనే. నీలం, పసుపు వారికి బాగానే తెలుస్తాయి. ఇది రేచీకటి కూడా కాదు. రేచీకటి ఎ-విటమిన్ లోపం వల్ల రావచ్చు, దానికి ఆకుకూరలు, బొప్పాయి తినమంటారు. పుట్టుకతో వచ్చిన వర్ణాంధత్వానికి మునగాకు తిన్నా, క్యారెట్ తిన్నా మార్పు రాదు. అలాగని అది పెరగదు, చూపు పోగొట్టదు.

అయితే ఒక హెచ్చరిక. పెద్దయ్యాక కొత్తగా రంగులు వెలిసిపోయినట్టు కనబడితే అది వేరే సంగతి. నీటికాసులు, కంటినరం జబ్బులు, క్షయకు వాడే ఎథాంబ్యుటాల్ వంటి మందుల వల్ల అలా జరగవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

డాల్టన్ కన్ను

పరమాణు సిద్ధాంతంలో మనమందరం చదువుకున్న జాన్ డాల్టన్‌కి ఈ లక్షణం ఉండేది. ఇంగ్లండ్‌లో ఒక పేద నేతపనివాని కొడుకు ఆయన. 1794లో మాంచెస్టర్‌లోని విద్వత్సభలో తన రంగుల చూపు గురించే ఒక పత్రం చదివాడు. ఆయన అన్నకూ అదే లక్షణం ఉందని గమనించి, ఇది కుటుంబంలో వచ్చేదని ఊహించాడు. తన కంటిలోపలి ద్రవం నీలిరంగులో ఉందేమో, అందుకే ఎరుపు తెలియడం లేదేమో అనుకుని, చనిపోయాక తన కళ్ళను పరీక్షించమని చెప్పాడు. 1844లో ఆయన చనిపోయిన తరువాత చూస్తే ఆ ద్రవం నీళ్ళలా తేటగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటి భాగం నుంచి డి.ఎన్.ఏ. తీసి 1995లో పరీక్షించారు. ఆకుపచ్చకు స్పందించే శంకువులు ఆయనకు లేవని అప్పుడు తేలింది. నూటయాభై ఏళ్ళ తర్వాత ఆయన ప్రశ్నకు జవాబు దొరికిందన్న మాట. ఇప్పటికీ కొన్ని భాషల్లో వర్ణాంధత్వాన్ని ‘డాల్టనిజం’ అంటారు.

పరీక్ష విషయానికి వస్తే, టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల పుస్తకమే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మొదటి పేజీలోని 12 అందరికీ కనబడుతుంది. తర్వాతి పేజీల్లోనే తేడా తెలుస్తుంది. అంకెలు రాని చిన్నపిల్లల కోసం వేలితో దారి గీసే పేజీలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. కనుక బడిలో చేరే వయసుకే పరీక్ష చేయించవచ్చు.

మా ఇంటి సంగతి

మా అక్క కొడుకు రెండో తరగతి చదువుతున్నాడు. లెక్కలు చకచకా చేస్తాడు. బొమ్మల పుస్తకంలో మాత్రం చెట్టు ఆకులకు గోధుమరంగు, మాను దగ్గర ఆకుపచ్చ వేసేవాడు. బడిలో ‘శ్రద్ధ లేదు’ అన్నారు. అక్క అత్తగారింట్లో ‘రంగులు కూడా నేర్పలేదా’ అన్నారు. మేము సెలవులకు వెళ్ళినప్పుడు ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు రంగుల దారపు ముక్కలు కలిపి ఇచ్చి వేరుచేయమన్నాం. వాడు చాలాసేపు చూసి, దారాల మందం చూసి వేరుచేశాడు. అప్పుడు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం.

అక్కడ డాక్టర్ చుక్కల పుస్తకం చూపించారు. తర్వాత పదిహేను రంగుబిళ్ళలు ఇచ్చి వరుసగా పేర్చమన్నారు. వాడికి ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియదనీ, అది తీవ్రమైన రకమేననీ చెప్పారు. ఆ తర్వాత డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ‘పిల్లవాడి తల్లి తండ్రికి ఎలా ఉంది?’ అని.

తోడుగా వచ్చిన మా నాన్నకు కూడా ఆ పుస్తకం చూపించారు. మొదటి పేజీలో 12 చదివారు. రెండో పేజీ తిప్పితే ‘చుక్కలే ఉన్నాయి కదమ్మా’ అన్నారు. మూడో పేజీ కూడా అంతే.

మా వైపు మిరప పంట ఎక్కువ. నాన్న చిన్నప్పటి నుంచి మిరపచేలో కూలికి వెళ్ళినవారే. పచ్చని ఆకుల్లో ఎర్రని పండుకాయ ఆయనకు దూరం నుంచి కనబడేది కాదు. ఒక్కొక్క కాయను చేత్తో తడిమి, మెత్తబడిందా లేదా చూసి కోసేవారు. అందువల్ల సాయంత్రానికి ఆయన బస్తా అందరికంటే వెలితిగా ఉండేది. అందులో పచ్చికాయలు కలిసి ఉండేవి. ‘కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు’ అని ఆసాములు అన్న మాటలు ఆయన ఇంటిలో ఎన్నడూ చెప్పుకోలేదు. చివరికి మిరప మానేసి పత్తికీ, తాపీపనికీ వెళ్ళారు. ఎందుకు మానేశారో యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మనవడి పరీక్ష రోజున మాకూ ఆయనకూ ఒకేసారి తెలిసింది.

తప్పు ఎవరిది?

ఎవరిదీ కాదు. ఎలాగో చూడండి.

ఎరుపు, ఆకుపచ్చ శంకువులను తయారుచేసే జీన్లు రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. అవి రెండూ దాదాపు ఒకేలా ఉండడం వల్ల తరతరాలుగా ప్రతులు తీసుకునేటప్పుడు అప్పుడప్పుడు కలగాపులగం అవుతాయి. ఆడవారికి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకదానిలో లోపం ఉన్నా రెండవది సర్దుతుంది. మగవారికి ఎక్స్ ఒక్కటే. అందులో లోపం ఉంటే సర్దేవారు లేరు. ఉత్తర ఐరోపా సంతతి ప్రజల్లో ఈ లక్షణం మగవారిలో నూటికి 8 మందికి, ఆడవారిలో రెండువందల మందిలో ఒకరికి కనబడటానికి కారణం ఇదే.

తండ్రి తన ఎక్స్‌ను కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులకు వై మాత్రమే ఇస్తాడు. కనుక వర్ణాంధత్వం ఉన్న తండ్రి నుంచి కొడుకుకి ఇది రాదు. కూతుళ్ళందరూ మాత్రం ఆ జీన్‌ను మోస్తారు. మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుకుకీ వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. అంటే తాతకు ఉన్నది, కూతురిలో కనబడకుండా దాగి, మనవడిలో బయటపడుతుంది.

‘ఇది మీ పుట్టింటి నుంచి వచ్చింది’ అని మా అక్కను అన్నారు. వచ్చిన దారి నిజమే. కాని దారి వేరు, దోషం వేరు. తండ్రి ముక్కు, తల్లి జుట్టు వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఏ తల్లీ తన క్రోమోజోమ్‌ను ఎంచి ఇవ్వలేదు. గర్భంతో ఉన్నప్పుడు తిన్నదాని వల్లనో, గ్రహణం చూసినందువల్లనో వచ్చింది కాదు.

మేనరికం వల్ల వచ్చిందా అని కూడా చాలామంది అడుగుతారు. కొడుకు విషయంలో కానే కాదు. వాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి తండ్రి చుట్టమా, పరాయివాడా అన్నది లెక్కలోకి రాదు. అయితే వర్ణాంధత్వం ఉన్న మేనమామ తన అక్క కూతుర్నే పెళ్ళి చేసుకుంటే, ఆ అమ్మాయి కూడా అదే జీన్ మోస్తూ ఉండవచ్చు. అప్పుడు ఆడపిల్లకు కూడా వర్ణాంధత్వం వచ్చే వీలు పెరుగుతుంది. మేనరికం పాత్ర ఇంతవరకే.

ఈ లెక్క ప్రకారం మా నాన్న కూతుళ్ళం మేమిద్దరం ఆ జీన్ మోస్తున్నవాళ్ళమే. దీనికి పరీక్ష కూడా అక్కరలేదు. పెళ్ళి మాటలు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పవద్దని మా బంధువులు సలహా ఇచ్చారు. దాచడానికి ఇందులో ఏముందో మాకు అర్థం కాలేదు. తెలిసిన తల్లి తన బిడ్డకు నాలుగైదేళ్ళకే పరీక్ష చేయిస్తుంది. తెలియని తల్లి బిడ్డను మొద్దు అనుకుంటుంది. దాస్తే నష్టపోయేది బిడ్డే.

రంగుల కళ్ళద్దాలు ఎలా పనిచేస్తాయి?

మా బావ తాపీమేస్త్రి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి ఫోనులో ఒక వీడియో చూపించారు. ఒక పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకోగానే పూలను చూసి ఏడ్చేస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ ఏడుస్తున్నారు. ‘అప్పు చేసైనా తెప్పిస్తాను’ అన్నారు బావ. ఆ అద్దాల ధర ఆయనకు దాదాపు ఇరవై రోజుల కూలి. కొడుకు మీద ప్రేమ చూసి మాకు కూడా కాదనబుద్ధి కాలేదు. కాని ముందు తెలుసుకుందాం అనుకున్నాం.

రంగు అద్దాలతో సాయపడవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఈ మాట చెప్పాడు. 1971లో అమెరికాలో ఒక కంటికి మాత్రమే పెట్టుకునే ఎర్ర కాంటాక్ట్ లెన్స్ వచ్చింది. ఇప్పుడు పేరు మోసిన ‘ఎన్‌క్రోమా’ అద్దాల వెనుక డాన్ మెక్‌ఫర్సన్ అనే గాజు శాస్త్రవేత్త ఉన్నాడు. లేజర్ శస్త్రచికిత్సలు చేసే డాక్టర్ల రక్షణ కోసం తయారుచేసిన అద్దాలు, వర్ణాంధత్వం ఉన్న ఒక మిత్రునికి తేడా చూపించడంతో ఈ ఆలోచన వచ్చింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 2010లో కంపెనీ మొదలైంది. తర్వాత ఇతర కంపెనీలు కూడా ఇటువంటివి తెచ్చాయి.

ఇవి చేసే పని జల్లెడ పట్టడం. ఎరుపు శంకువూ, ఆకుపచ్చ శంకువూ రెండూ కలిసి గట్టిగా స్పందించే వెలుతురు మధ్యలో కొంత ఉంటుంది. ఆ ముక్కను అద్దం ఆపేస్తుంది. అప్పుడు అటు ఎరుపు, ఇటు ఆకుపచ్చ కొంచెం దూరం జరిగినట్టవుతాయి. మళ్ళీ డప్పుల ఉదాహరణ తీసుకుంటే, శ్రుతి దగ్గరగా వచ్చిన రెండు డప్పులలో కలిసిపోయే మోతను మాత్రం అడ్డుకున్నట్టు. కనుక శంకువులు మూడు రకాలూ ఉండి, రెండింటి శ్రుతి దగ్గరగా ఉన్నవారికి కొంత తేడా కనబడే అవకాశం ఉంది. ఒక డప్పే లేనివారికి జల్లెడ ఏం చేస్తుంది? లేని డప్పుని మోగించలేదు. పైగా అద్దం వెలుతురుని ఆపుతుందే కాని, కొత్తగా చేర్చదు. అందుకే ఇంట్లో, సాయంత్రం వేళ, చూపు చీకటిగా ఉంటుంది. కొన్ని రంగుల జతలు వేరుపడితే, అంతవరకు వేరుగా ఉన్న మరికొన్ని జతలు దగ్గరపడవచ్చు.

శాస్త్రవేత్తలు ఏమన్నారు? 2018లో స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయం వారు పరీక్షించి, ఈ అద్దాలు రంగుల పరీక్షల ఫలితాలను మెరుగుపరచడం లేదనీ, సహజమైన రంగుల చూపును ఇవ్వడం లేదనీ ప్రకటించారు. రంగులు కనబడే తీరు మాత్రం మారుతుందన్నారు. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన పరిశోధకులు, శంకువుల శ్రుతి దగ్గరపడిన రకం వారు కొద్దిరోజులు వరుసగా వాడితే రంగుల తేడాకు స్పందన కొంత పెరిగిందని రాశారు. ఈ రెండూ ఒకదానినొకటి కొట్టివేసేవి కావు. కొందరికి కొంత సాయం, చాలామందికి రంగు మారిన అనుభవం, ఎవరికీ నయం కాదు అన్నది రెండింటిలోనూ ఉంది. ఇది చికిత్స కాదని ఎన్‌క్రోమా కంపెనీ కూడా చెబుతుంది.

జన్యుచికిత్స సంగతి కూడా అడుగుతారు. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు పుట్టుకతో ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని కోతులకు, లేని జీన్‌ను కంటిలోకి పంపి, ఆ తేడా తెలిసేటట్టు చేశారు. ఒక కోతికి డాల్టన్ పేరే పెట్టారు! కాని మనుషుల్లో ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత్వానికి ఆమోదం పొందిన ఆపరేషన్‌గానీ, సూదిమందుగానీ లేదు. ఎవరైనా నయం చేస్తామంటే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

కొనాలా, వద్దా?

మేము తెలుసుకున్నదాన్ని బట్టి, కొనాలనుకునే తల్లిదండ్రులు ఈ క్రింది సంగతులు ఆలోచించాలి.

ఒకటి, ముందు పిల్లవాడిది ఏ రకమో తెలుసుకోవాలి. చుక్కల పుస్తకం ఒక్కటే చాలదు, రంగుబిళ్ళల పరీక్ష వంటివి కూడా చేయించాలి. హైదరాబాద్‌లో సరోజినీదేవి ఆసుపత్రి, కర్నూలు, విశాఖపట్నాల్లో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వానివే ఉన్నాయి. అక్కడ అడగండి.

రెండు, కొనే ముందు పెట్టి చూడాలి. పెట్టి చూసినప్పుడు ‘కనబడుతోందా నాన్నా?’ అని అడగకూడదు. అమ్మానాన్నల ముఖంలో ఆశ చూసి ఏ పిల్లవాడైనా ‘కనబడుతోంది’ అనే అంటాడు. దానికి బదులు ఒకే సైజువి పది పండు మిరపకాయలు, పది పచ్చి మిరపకాయలు కలిపి వేరుచేయమనండి. ఒకసారి అద్దాలు లేకుండా, ఒకసారి అద్దాలతో. చేత్తో నొక్కకుండా చూపుతోనే చేయాలి. లెక్క మీకే తెలుస్తుంది.

మూడు, చుక్కల పుస్తకం రంగు అద్దాలు లేని కంటికోసం తయారైంది. అద్దాలతో చదివి పాసయినంత మాత్రాన ఉద్యోగ వైద్యపరీక్షలో గట్టెక్కినట్టు కాదు. ఆ ఆశతో కొనవద్దు.

నాలుగు, పిల్లవాడికి అవి కావాలా? పుట్టినప్పటి నుంచి వాడు చూస్తున్న లోకం వాడికి లోటుగా లేదు. లోటు అన్నది మనం చెప్పాకనే తెలుస్తుంది. అద్దాలు పెట్టుకుంటేనే నువ్వు సరైనవాడివి అన్న భావం వాడిలో కలిగితే, చూపుకంటే పెద్ద నష్టం అది.

మా పిల్లవాడిది తీవ్రమైన రకం కాబట్టి అద్దాలు ఉపయోగపడవని డాక్టర్ స్పష్టంగా చెప్పారు. బావ రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే, ‘వాడు పెద్దయ్యాక కావాలంటే వాడే కొనుక్కుంటాడు’ అన్నారు. అప్పు చేయలేదు.

డబ్బు ఖర్చు లేని సాయాలు

అద్దాలు కొనకపోతే ఏమీ చేయలేమని కాదు. చేయగలిగినవి చాలా ఉన్నాయి.

రంగుపెన్సిళ్ళ మీద రంగు పేరు తెలుగులో రాయాలి. మా అక్క ప్లాస్టర్ ముక్కలమీద బాల్‌పెన్నుతో రాసి అంటించింది. ఇప్పుడు వాడు చదువుకుని ఆకులకు ఆకుపచ్చే వేస్తున్నాడు. ఉతికిన బట్టలు సర్దేటప్పుడు, కూరగాయలు ఏరేటప్పుడు రంగు బదులు మరొక గుర్తు చెప్పాలి. పండిన టమాటా మెత్తగా ఉంటుంది, మామిడిపండు వాసన వస్తుంది. ట్రాఫిక్ దీపాల్లో నిలువుగా ఉన్నప్పుడు ఎరుపు పైన, ఆకుపచ్చ కింద అని చోటు నేర్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఐఫోన్లలోనూ రంగులు సరిచేసుకునే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

బడిలో టీచరుగారికి తప్పకుండా చెప్పాలి. ఆకుపచ్చ బోర్డుమీద ఎర్ర సుద్దముక్కతో రాస్తే వీరికి కనబడదు, తెల్లది లేదా పసుపుది వాడమని కోరాలి. భారతదేశ పటంలో రంగులతో పాటు పేర్లు, గీతలు ఉండాలి. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో కాల్షియం మంట ఇటుక ఎరుపు, బేరియం మంట ఆకుపచ్చ అని రాయాలి. వర్ణాంధత్వం ఉన్న విద్యార్థి ఇక్కడ తడబడతాడు. అది తెలివి లేకపోవడం కాదు. పక్కన ఒక జోడీ విద్యార్థిని ఉంచమని లెక్చరర్‌గారిని ముందే అడగాలి.

తోటి పిల్లలకు మరొక మాట. ‘ఇదేం రంగు? అదేం రంగు?’ అని వారిని రోజంతా పరీక్షించడం మానండి. అది ఆట అనుకుంటాం గాని వారికి అది పరీక్షే.

చదువులు, ఉద్యోగాలు, చట్టం

రైలు నడిపే ఉద్యోగాలకు రంగుల చూపు తప్పనిసరి. సిగ్నల్ మీద వందలాది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి అది న్యాయమే. అదే రైల్వేలో సీ-1, సీ-2 వైద్య తరగతుల ఉద్యోగాలకు రంగుల చూపు అడగరు. మన రెండు రాష్ట్రాల పోలీసు ఉద్యోగ ప్రకటనల్లో వర్ణాంధత్వం అనర్హత అని రాసి ఉంటుంది. కనుక ఏ ఉద్యోగానికి తయారుకావాలో తేల్చుకునే ముందే ఒక్కసారి పరీక్ష చేయించుకోండి. రెండేళ్ళ కోచింగ్ తర్వాత తెలియడం కంటే రెండు నిమిషాల పరీక్షతో ముందే తెలియడం మేలు.

మూసుకున్న తలుపులు కొన్ని ఈమధ్య తెరుచుకున్నాయి కూడా. వర్ణాంధత్వం ఉందని ఎం.బి.బి.ఎస్. సీటు ఇవ్వని త్రిపుర విద్యార్థుల కేసులో, వారికి ప్రవేశం కల్పించాలని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, స్వల్ప, మధ్యస్థాయి వర్ణాంధత్వం ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు పొందే వీలు కల్పించింది. 2022లో పూణేలోని ఫిలిం ఇన్‌స్టిట్యూట్ కోర్సులన్నింటిలో వీరిని చేర్చుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. వర్ణాంధత్వం కారణంగా ఉద్యోగం నుంచి తొలగించబడిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరికి ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో వర్ణాంధత్వం లేదు. అందుచేత వీరికి రిజర్వేషన్ రాదు. ఒకవైపు ‘పనికిరావు’ అంటూ, మరొకవైపు ‘నీకు లోపం లేదు’ అనడం వీరి విషయంలో జరుగుతున్నది. దీని మీద మనం మాట్లాడాలి.

మిత్రులారా! మన హాస్టళ్ళలో కంటి డాక్టర్లు వచ్చినప్పుడు అక్షరాల పట్టీతో పాటు చుక్కల పుస్తకం కూడా తెమ్మని వార్డెన్‌గారి ద్వారా కోరుదాం. ఐదో తరగతి నుంచి ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ ఒక్కసారి చూపిస్తే చాలు. పుట్టుకతో వచ్చినది మారదు కాబట్టి మళ్ళీ మళ్ళీ అక్కరలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ తమ్ముళ్ళనూ, మేనల్లుళ్ళనూ గమనించండి. వీలైతే మీ తాతలను కూడా అడగండి. చేలల్లో, పనుల్లో మాటలు పడి, ఎందుకో తెలియక ఊరుకున్నవారు మన ఇళ్ళలోనే ఉండి ఉంటారు.

కళ్ళద్దాలు కొనడం కొనకపోవడం ఎవరి వీలును బట్టి వారిది. అంతకుముందు ఇంట్లోవాళ్ళు ఆ బిడ్డ ఏ రంగు ఎలా చూస్తున్నాడో తెలుసుకుని, ‘మొద్దు’ అన్న మాటను వాడి మీద నుంచి తీసివేయాలి. అది చేయడానికి ఏ ఇంటికీ అప్పు అవసరం లేదు.